నేలకు తగిలే తాడు

కొలతల కాగితాన్ని సీతారాం సారు నా చేతికే ఇచ్చాడు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు నయం. తర్వాత జరిగినదానికంతా మా మామ మొండితనమే కారణమని మా బస్తీ కిషన్‌బాగ్‌లో అందరూ చెప్పుకున్నారు. నేనూ కొన్నాళ్ళు కాదనలేదు. కానీ కాగితం నా దగ్గరే ఉంది, అంకెలు చదవడం నాకు వచ్చు, చదివాను కూడా.

అది ఎనభై అయిదో సంవత్సరం వానాకాలం. ధూల్‌పేట్‌లో వినాయకులకు రంగులు వేస్తున్న రోజులు. ఫ్రాన్సులో మన దేశపు ఉత్సవాలు జరుగుతున్నాయని, అక్కడ వాల్‌బ్రే అని గుర్రాలకు పేరుపడ్డ పాత చిన్న ఊరు ఒకటి ఉందని, ఆ ఊరివాళ్ళు హైదరాబాద్‌లో పెళ్ళికొడుకు ఎక్కే బరాత్ గుర్రం అలంకారం చూస్తామంటున్నారని చేతిపనుల ఆఫీసు నుంచి సీతారాం సారు వచ్చి చెప్పాడు. జీనులు కుట్టే మా మామ, అంటే మా ఆయన తండ్రి గుండయ్య, జీనుకు అద్దాలు, గవ్వలు కుట్టే నేను, గుర్రాలకు లాడాలు కొట్టే దస్తగీర్ భాయ్, ముగ్గురం పది రోజులు అక్కడ ఉండి పని చేసి చూపించాలి. మధ్యలో ఒక ఆదివారం ఆ ఊళ్ళో పాత కోట, గుర్రపుశాలలు అన్నీ జనం చూడటానికి తెరుస్తారట. ఆ రోజు వాళ్ళ గుర్రం ఒకటి మేం తెచ్చిన జీను వేసుకుని ఊరంతా తిరగాలి. ఆ గుర్రం కొలతలే ఆ కాగితం.

మామ అప్పుడు దుకాణంలో గోడవైపు తిరిగి కూర్చుని దారానికి మైనం పట్టిస్తున్నాడు. ఆ గోడ నిండా మేకులు, ప్రతి మేకుకూ ఒక తాడు. ఒక్కో తాడు ఒక్కో గుర్రం. వీపు పొడుగుకు ఒక ముడి, రొమ్ము చుట్టుకు ఒక ముడి, పొట్ట చుట్టుకు ఒక ముడి. చచ్చిపోయిన గుర్రాల తాళ్ళు కూడా ఆయన తీసేవాడు కాదు. ఏ తాడు చేతికిచ్చినా ముళ్ళు తడిమి గుర్రం పేరు చెప్పేవాడు.

"మామా, గుర్రం కొలతలు పంపిండ్రు," అన్నాను.

"కాగితం మీద గుర్రాన్ని ఎవడన్న కొలుస్తడా?"

"పొట్ట చుట్టు రెండు వందల ముప్ఫై సెంటీమీటర్లట."

"మన చాంద్‌ది ఎంతుంటది?"

చాంద్ అంటే ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర వహీద్ నడిపే టాంగా గుర్రం. దాని తాడు తీసి దర్జీ టేపుతో కొలిచాను. నూట యాభై.

మామ పెద్దగా నవ్వాడు. "గట్లైతె అది గుర్రం కాదు బిడ్డా, మన జూపార్కుల ఏనుగు. టైపు కొట్టెటోడు తప్పు కొట్టిండు. ఏ దేశంల పుడితె ఏంది, గుర్రమంటె గుర్రమే. చాంద్ తాడు ఇటియ్యి."

నాకూ నవ్వొచ్చింది. అంత పెద్ద గుర్రాన్ని నేనూ ఎన్నడూ చూడలేదు మరి. కాగితం మడిచి సంచిలో వేశాను.

ఆ జీను కుట్టడానికి నెల పట్టింది. ఎర్ర మఖ్మల్ మెత్త, రెండు పక్కలా తోలు రెక్కలు, రొమ్ము పట్టీ, పొట్ట పట్టీ, తలకు తురాయి. కుట్టు సగానికి పైగా నాదే. కోత మాత్రం మామది. మా ఇంట్లో అది తిరుగులేని కట్టు. కోత మగవాళ్ళది, కుట్టు ఆడవాళ్ళది. తోలు మీద మొదటి గాటు ఆడదాని చేత్తో పడకూడదు. ఎందుకు పడకూడదో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. మా అత్త చంద్రమ్మ నలభై ఏళ్ళు కుట్టింది, కత్తి ముట్టలేదు. నేను ఊరుకోలేక ఒకసారి మామ భోజనానికి లేచినప్పుడు కత్తి తీసుకుని ఓ పనికిరాని తోలుముక్క కోసి చూశాను. ఆయన వచ్చి చూశాడు. కత్తిని కడిగి తుడిచి ఎండలో పెట్టాడు. తిట్టినా బాగుండేదని ఆ రోజు ఏడ్చాను.

ముట్టకపోతే ఏం పోయింది అంటారేమో. దుకాణం పోతుంది, అదీ సంగతి. మా ఆయన బాలకిషన్ ఫ్యాక్టరీలో పనికి కుదిరి పదేళ్ళు. ఆయనకు తోలు వాసనే గిట్టదు. టాంగాలు తగ్గిపోయాయి, మామకు డెబ్బై దగ్గర పడింది. కోసేవాడు లేని జీను దుకాణం ఎందుకని, దసరా నుంచి దాన్ని స్కూటర్ మెకానిక్ ఎల్లప్పకు ఇచ్చేస్తానని మా ఆయన మాట కూడా ఇచ్చేశాడు. కోసేవాడు లేడు, సరే. కోయగలిగేది ఒకతె పక్కనే కూర్చుని ఉందని ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. నాకు మాత్రం పొద్దున లేస్తే అదే ఆలోచన.

నన్ను పంపడానికి మా ఆయన ఒప్పుకోలేదు. ఆడది సముద్రాలు దాటి పోతే నలుగురూ ఏమనుకుంటారని లొల్లి పెట్టాడు.

"మరి గా అద్దాలు నేను కుట్టాల్నా, నువ్వు కుడతవా?" అన్నాడు మామ. అంతటితో ఆ లొల్లి ముగిసింది.

*

వాల్‌బ్రేలో మేం దిగిన పూట సన్నని వాన పడుతోంది. స్టేషన్‌కు ఒక నల్లటి పొడుగాటి మనిషి గొడుగుతో వచ్చి, "ఏవండీ, ప్రయాణం సుఖంగా జరిగిందాండీ?" అన్నాడు. మామ నోరు తెరుచుకుని చూసి, నా చెవిలో, "గీయన మనోడేనా?" అని అడిగాడు. ఆయన పేరు వీర్రాజు. యానాం మనిషి. అక్కడి పిల్లను చేసుకుని, ఆ ఊరి పోస్టాఫీసులో పని చేసుకుంటూ ఉండిపోయాడట. మా మాటలు వాళ్ళకు, వాళ్ళ మాటలు మాకు తిప్పి చెప్పడానికి ఊరివాళ్ళు ఆయన్ను పట్టుకొచ్చారు.

ఊరు చిన్నది. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే చార్మినార్ నుంచి మా ఇంటికి పోయినంత దూరం కూడా ఉండదు. ఇళ్ళన్నీ లేత పసుపు రాతివి, కిటికీల్లో పూలకుండీలు. ప్రతి గుమ్మం పక్కనా గోడకు ఒక ఇనుప కడియం. అవి ఎందుకని అడిగాను.

"గుర్రాల్ని కట్టుకోడానికండీ. రెండొందల ఏళ్ళ నాటివి."

"ఇప్పుడు సైకిళ్ళు కట్టిండ్రు గద. పీకెయ్యలేదెందుకు?"

"పీకితే ఊరుకోరండీ. సొంత ఇంటి తలుపుకు రంగు మార్చాలన్నా మునిసిపాలిటీని అడగాలండీ ఇక్కడ."

నాకు అది ఎంత వింతగా అనిపించిందో చెప్పలేను. మా బస్తీలో నవాబుల నాటి దేవిడీల గోడలు పగలగొట్టి షట్టర్లు దించుతుంటే అడిగినవాడు లేడు. ఇక్కడ గుర్రం కట్టని కడియానికి కాపలా కాస్తున్నారు. ఆ కడియాలను ఎవరు చేశారు, వాన నీళ్ళు ఎటు పోతాయి, గంట ఎవరు కొడతారు, గుర్రం పేడ ఏం చేస్తారు, ఇలా అడుగుతూనే నడిచాను. "మా ఆవిడ కూడా నన్ను ఇన్ని అడగలేదండీ," అన్నాడు వీర్రాజు.

గుర్రపుశాలలు చూస్తే మాత్రం నా నోరు పడిపోయింది. రాజుల కాలంలో సర్కారు కట్టించినవట. ఎర్ర ఇటుక గోడలు, గుడి అంత ఎత్తు పైకప్పు, నున్నగా రాళ్ళు పరిచిన నేల. గడ్డి పరుపు అంచును జడ అల్లినట్టు అల్లి పెట్టారు. ప్రతి గుర్రం తలకు పైన గోడ మీద నల్ల పలక, పలక మీద సుద్దతో పేరు, కింద తల్లి పేరు, తండ్రి పేరు. మా అమ్మ పేరు రాసి ఉన్న కాగితం మా ఇంట్లో ఒక్కటైనా ఉందా అని ఆలోచించాను. లేదు.

దస్తగీర్ భాయ్ పేర్లు చూడలేదు, మొహాలు చూడలేదు. వంగి వంగి కాళ్ళే చూసుకుంటూ పోయాడు. చివరి గదిలో ఆగి, లేచి నిలబడి, తల పైకెత్తాడు. ఇంకా పైకెత్తాడు.

"గుండయ్య భాయ్," అన్నాడు మెల్లగా, "జూపార్కు ఏనుగు వచ్చేసింది."

దాని పేరు మార్కీ. బూడిద రంగు మగ గుర్రం. బరువు లాగే జాతి. డెక్క ఒక్కొక్కటి అన్నం పళ్ళెం అంత ఉంది. మామ దగ్గరికి పోయి దాని భుజం మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అట్లా పాకుతూ పాకుతూ పోయింది, గుర్రం అయిపోలేదు.

"జీను తెండి," అన్నాడు.

తెచ్చి వేశాం. చంటిపిల్లవాడి టోపీ పహిల్వాన్ నెత్తి మీద పెట్టినట్టుంది. పొట్ట పట్టీ రెండు కొసల మధ్య నా మూరలు దాదాపు రెండు పడతాయి. గుర్రాన్ని చూసుకునేవాళ్ళు పాపం మర్యాదగా నవ్వు ఆపుకున్నారు. మార్కీ మాత్రం వీపు మీద ఈగ వాలిందనుకుందో ఏమో, ఒకసారి చర్మం విదిలించింది. జీను జారి గడ్డిలో పడింది.

అది గురువారం. ఆదివారానికి మధ్య రెండు రోజులున్నాయి.

"పోనీ, చిన్న గుర్రం ఏదన్న ఉందా అని అడుగుదామా మామా?" అన్నాను.

"ఊరంత తిరిగేది ఇదే అని రాసిండ్రు గద కాగితంల," అన్నాడాయన.  నేను జీనుకు అంటిన గడ్డి దులిపాను. కాగితం నా సంచిలోనే ఉంది.

*

మాకు పని చేసుకోవడానికి గుర్రపుశాల జీనుల గదిలో చోటిచ్చారు. పొడుగాటి గది, గోడల నిండా కంఠపట్టీలు, కళ్ళేలు, పెద్ద కిటికీ. కిటికీ కింద బల్ల దగ్గర అరవై ఏళ్ళు పైబడిన ఒక ఆడమనిషి, తోలు ముందేసుకుని, అర్ధచంద్రం ఆకారం కత్తితో కోస్తోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

ఆవిడ పేరు ఒదెత్. ఆ గుర్రపుశాలకు జీనులు కుట్టేది, బాగు చేసేది ఆవిడేనట. వెనకటికి వాళ్ళ నాన్న చేసేవాడట.

"ఆమెనే కోస్తదా?" అన్నాను వీర్రాజుతో.

"చూస్తున్నారుగదండీ."

"అంటే, ఎప్పుడూ ఆమెనేనా? మగోళ్ళు ఎవరూ కోసి ఇయ్యరా? అడుగు జర."

అడిగాడు. ఆవిడ కత్తి ఆపి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, ఏదో చెప్పి నవ్వింది.

"ఇద్దరు అన్నలున్నారటండీ. వాళ్ళకి లారీలంటే ఇష్టమట. అందుకని నాన్న ఈవిడకి నేర్పాడట. ఇందులో అడగాల్సిందేముంది అంటున్నారండీ."

మామ వెనకే నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. ఒదెత్ బల్ల దాటి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. చూపుడువేలు పక్కన దారం లాగి లాగి కాయ కాసిన చోట బొటనవేలితో నొక్కి, తన వేలు చూపించింది. అక్కడా అదే కాయ. తర్వాత తన అరచేయి తెరిచింది. కత్తి పిడి ఒత్తుకునే చోట ఇంకొక కాయ ఉంది. నా అరచేతిలో అది లేదు. ఆవిడ అక్కడ వేలితో తట్టి, కనుబొమలు ఎగరేసి, ఎందుకు లేదన్నట్టు అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పమని నేను వీర్రాజును అడగలేదు.

మా సంగతి అంతా విని ఒదెత్ లోపలికి పోయి ఒక పెద్ద తోలు తెచ్చి మా ముందు పరిచింది. గోధుమరంగు తోలు, మచ్చ లేదు. మెత్త, తురాయి పాతవే ఉంచి, రెక్కలు, పట్టీలు కొత్తగా కోయాలని మామ లెక్కవేశాడు.

శుక్రవారం పొద్దున ఆయన తాడుతో మార్కీని కొలిచాడు. ఒక తాడు చాలక రెండోది ముడివేయాల్సి వచ్చింది. ఆ ముళ్ళను బట్టి నేను తోలు మీద సుద్దగీత గీశాను. గీత వరకు ఆడవాళ్ళు చేయవచ్చు. మామ కింద చాప మీద కూర్చుని, తోలు దగ్గరికి లాక్కుని, కత్తి తీశాడు.

తీసి, ఎడమచేతి వేళ్ళతో తోలు అంచు తడిమాడు. గీత కోసం వెతుకుతున్నాడు. గీత వేళ్ళకు తగలదు కదా. కత్తి మొన దించిన చోటు గీతకు రెండు వేళ్ళ దూరంలో ఉంది. ఎత్తాడు. మళ్ళీ దించాడు. ఈసారి ఇవతల పడింది. కిటికీలోంచి పట్టపగలు వెలుతురు నేరుగా తోలు మీద పడుతోంది. తెల్లటి సుద్దగీత, ముదురు తోలు. నాకు అప్పుడు అర్థమైంది.

ఆయన కళ్ళలో శుక్లాలు ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో! కిషన్‌బాగ్‌లో కోసినవన్నీ ఒకటే సైజు టాంగా గుర్రాలకు. ఆ కోత ఆయన చేతికి కంఠతా వచ్చు. కళ్ళతో పని లేదు. ఆ కాగితాన్ని నవ్వులాటలో కొట్టిపారేసింది మొండితనం కాదు. కొత్త కొలత కోయాలంటే చూడాలి, చూస్తే తనకు కనిపించదని మాకు తెలిసిపోతుంది. అంతే. నెల రోజులు పక్కన కూర్చుని కుట్టిన దాన్ని నేను, నాకే తెలియలేదు. ఆయన మీద జాలి వేసింది. నా మీద కోపం వచ్చింది.

దస్తగీర్ భాయ్ గుమ్మంలో లాడానికి ఆకురాయి పెడుతున్నాడు. ఆయనా చూశాడు. చూసి, మాకు వీపు తిప్పి ఇంకా గట్టిగా రుద్దడం మొదలుపెట్టాడు.

మామ కత్తిని నేల మీద పెట్టాడు. కాసేపు దాని మీద చెయ్యి అలాగే ఉంచాడు. తర్వాత పిడి నా వైపు వచ్చేలా తిప్పాడు.

"గీత కనిపిస్తుందా నీకు?"

"కనిపిస్తుంది మామా."

"మరి కొయ్యి."

అంతే అన్నాడు. నేను చెయ్యి చీరకు తుడుచుకుని కత్తి తీసుకున్నాను. పిడి వెచ్చగా ఉంది.

"మణికట్టుల కెల్లి కాదు, భుజంల కెల్లి లాగు," అన్నాడు గోడ వైపు చూస్తూ. "ఒక్క దమ్ముల లాగు. దమ్ము పట్టినవా? ఇగ నడుమ ఆపకు."

ఊపిరి బిగబట్టి లాగాను. తోలు తెగే చప్పుడు ఇన్నేళ్ళు విన్నాను గానీ, అది నా చేతిలోంచి రావడం వేరు. రెక్క వంపు తిరిగింది. ముప్పాతిక దాకా బాగానే వచ్చి, అక్కడ నాకు తెలియకుండానే ఊపిరి వదిలాను. కత్తి వణికింది. మళ్ళీ సర్దుకుని చివరిదాకా లాగాను.

మామ ముక్క తీసుకుని అంచు పొడుగునా బొటనవేలు నడిపాడు. ఆ చోట వేలు ఆగింది.

"గిక్కడ దమ్ము తీసినవ్."

"తీసిన మామా."

"మొదటిసారి నేను మూడు చోట్ల తీసిన. మా బాపు గూబ పగలగొట్టిండు," అన్నాడు. ఆ మాట మీద దస్తగీర్ భాయ్ అటు తిరిగే నవ్వాడు. "ఆ గాటు మీద అద్దం కుట్టు, కనవడదు. ఇగ రెండో రెక్క తియ్యి. పొద్దు పోతంది."

సంచిలోంచి కాగితం తీసి కొలతలు సరిచూసుకున్నాను. తాడు చెప్పినవీ కాగితం చెప్పినవీ ఒక్కటే. టైపు కొట్టినవాడు తప్పేమీ కొట్టలేదు.

*

శనివారం చీకటి పడక ముందే పని అయింది. ఒదెత్ మాతో కూర్చుని సగం పట్టీలు కుట్టింది. దస్తగీర్ భాయ్ మార్కీ నాలుగు కాళ్ళకూ లాడాలు మార్చి, మొహం వెలిగిపోతూ వచ్చాడు. "బెహన్, ఒక్క డెక్కల మన చాంద్ నాలుగు డెక్కలు పడతయి, అల్లా కసం!" అన్నాడు. ఆ మాట ఆ తర్వాత కిషన్‌బాగ్‌లో వంద మందికి చెప్పాడు.

ఆదివారం వాన లేదు. కోట తలుపులు తెరిచారు, శాలల తలుపులు తెరిచారు, ఆ సన్న వీధుల్లో ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ముందు వాళ్ళ మిగతా గుర్రాలు వెళ్ళాయి, చివర మార్కీ. ఎర్ర మఖ్మల్, అద్దాలు, గవ్వలు, గజ్జెలు, నెత్తిన తురాయి. మన దగ్గర బరాత్ గుర్రం బ్యాండు చప్పుడుకు బెదిరి పక్కకు నడుస్తుంది. ఇది గంభీరంగా, పెళ్ళికొడుకు తానే అయినట్టు నడిచింది. రాళ్ళ మీద ఆ లాడాల చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మామ గుమ్మం పక్క ఇనుప కడియం పట్టుకుని నిలబడ్డాడు. గుర్రం దగ్గరికి వస్తున్నప్పుడు తల వంచి విన్నాడు. మార్కీ మా ముందు నుంచి వెళ్ళిపోయాక అన్నాడు.

"పట్టీ కిర్రుమంటలేదు. సక్కగ కూసున్నది."

 ఏడుపు వచ్చింది, అంతమందిలో బాగుండదని కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఊరేగింపు తిరిగి వచ్చాక ఒదెత్ జీను దించుతూ ఎడమ రెక్క మీద ఒక అద్దాన్ని వేలితో ఎత్తి చూసింది. దాని కింద నా గాటు ఉంది. నన్ను చూసి కన్నుకొట్టింది.

జీనును ఆ ఊరికే ఇచ్చి వచ్చాం. మామ మాత్రం రెండు తాళ్ళు కలిపి ముడివేసిన మార్కీ కొలత తాడును మడిచి తన సంచిలో పెట్టుకున్నాడు.

*

పెత్తరమాసకు, బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు, ఇల్లు చేరాం. బతుకమ్మ పేర్చడం, పిండివంటలు, చూడటానికి వచ్చేవాళ్ళు. అందరికీ అన్నీ చెప్పాను. కత్తి సంగతి మాత్రం చెప్పలేదు. మామా చెప్పలేదు, దస్తగీర్ భాయ్ కూడా చెప్పలేదు. పనిముట్ల సంచి కట్టింది కట్టినట్టే దుకాణం మూలన పడి ఉంది. నేను రోజూ దాన్ని చూస్తూ ఊడ్చేదాన్ని. అక్కడ వేరే గతి లేక చేసిన పని ఇక్కడ చెల్లుతుందా? ఏ గోడ కింద ఏ చాప మీద ఆ కట్టు పెట్టారో, ఆ గోడా ఆ చాపా ఇక్కడే ఉన్నాయి. నాకు నేనుగా సంచి విప్పే ధైర్యం చాల్లేదు.

రేపు దసరా అనగా మా ఆయన ఎల్లప్పను వెంటబెట్టుకుని వచ్చాడు. ఎల్లప్ప దుకాణం అటూ ఇటూ అడుగులు వేసి చూసుకున్నాడు.

"బాలకిషనన్నా, గీ గోడకు నా సామాను బల్ల వస్తది. గీ తాళ్ళన్ని తీసెయ్యాలె," అన్నాడు.

మామ మార్కీ తాడును కొత్త మేకుకు తగిలిస్తున్నాడు. అంత ఎత్తున తగిలించినా దాని కొస నేలకు తగులుతోంది.

"బాపూ, ఎల్లప్ప అడుగుతున్నడు," అన్నాడు మా ఆయన. "ఎల్లుండి నుంచి పెట్టుకుంటడట. ఏమంటవ్?"

మామ మేకు గట్టిగా ఉందో లేదో కదిపి చూశాడు.

"నన్నెందుకు అడుగుతవ్‌రా? దుకాణం కోసెటోళ్ళది. గామెను అడుగు."

మా ఆయన నన్ను చూశాడు, తండ్రిని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. పాపం, ఆయనకు ఏం అర్థమవుతుంది! గుమ్మంలో బియ్యం చేటతో మా అత్త చంద్రమ్మ నిలబడి ఉంది. ఆమెకు మాత్రం క్షణంలో అర్థమైంది. ఆమె చూపు నా చేతుల మీదికి పోయింది.

"నలబై ఏండ్లు నేను అడగక కూసున్న," అంది. కోపమో, సంతోషమో ఆ గొంతులో నాకు ఇవాళ్టికీ తెలియదు. చేట అక్కడే పెట్టి, మూలనున్న సంచి తెచ్చి నా ముందు పెట్టింది.

ఎల్లప్ప ఎటూ తోచక తల గోక్కుంటున్నాడు. "అంటె, ఎవరిని అడగాలె నేను?"

"నన్నే అడుగన్నా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "దుకాణం ఖాళీ లేదు. నీ గిరాకులకు స్కూటర్ సీట్లు చినిగితె పంపియ్యి, మంచిగ కోసి కుట్టిస్త. పక్క సందుల వహీద్ పాత టాంగా కొట్టం ఖాళీగున్నది, పోయి చూడు."

మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తన సైకిల్ సీటు తెచ్చి, చినిగిందని చెప్పి, దుకాణం గడప మీద పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

దానికి ముందు, దసరా నాడు సంగతి. పనిముట్లకు పూజ చేసేటప్పుడు ఎవరి పనిముట్టు వాళ్ళు పీట మీద పెట్టడం మా ఇంటి అలవాటు. అత్త తన సూదులు పెట్టింది. మామ తాళ్ళ కట్ట పెట్టాడు. కత్తి చోటు ఖాళీగా ఉంది. అందరూ నా కోసం ఆగారు. నేను కత్తికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ చోట ఉంచాను.

మర్నాడు చాప పరిచి తోలు ముందేసుకున్నాను. చాంద్‌కు కొత్త రొమ్ము పట్టీ. సుద్దగీత గీసి కత్తి దించాను. మామ తన చోటులోనే, గోడవైపు తిరిగి దారానికి మైనం పట్టిస్తున్నాడు.

"దమ్ము పట్టు," అన్నాడు.

పట్టాను. ఈసారి చివరిదాకా వదల్లేదు.